రెండో సంతకం

అలారం గడియారంతో డేవిడ్‌కు ఏనాడూ పని పడలేదు. తెల్లవారి అయిదు గంటలకు ఆయన దేహంలో అన్నిటికంటే ముందుగా మేల్కొనేది కుడిచేయి. కళ్లు విడకముందే అది దిండు కిందికి వెళ్లి సిగరెట్ పెట్టెను, అగ్గిపెట్టెను తడిమి తెచ్చుకునేది. ఆ తరువాతనే కాళ్లు నేలను తాకేవి. వసారాలో, పక్కగది కిటికీ కింద ఉన్న సిమెంటు అరుగు మీద కూర్చుని మొదటి దమ్ము పీల్చితే గాని ఆయనకు ఆ రోజు మొదలైనట్టు ఉండేది కాదు.

జూలై రెండో ఆదివారం కూడా అలాగే తెల్లవారింది. చౌటుప్పల్‌లో హైవేకు రెండు వీధుల అవతల, మందుల కంపెనీలో ఇరవై రెండేళ్ల ఉద్యోగంతో డేవిడ్ కట్టుకున్న మూడు గదుల ఇల్లు అది. గేటు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో ఆయన తల్లి, డెబ్బై ఎనిమిదేళ్ల జానమ్మ, వీధిలో వచ్చేపోయే వారిని పేరుపేరునా పలకరిస్తూ కూర్చున్నది. వంటగదిలో భార్య గ్రేస్ రోజూకంటే తొందరగా పనులు ముగించుకుంటున్నది. ఆలేరులో కాపురముంటున్న ఒక్కగానొక్క కుమార్తె మనస్విని, ఏడో నెల గర్భంతో, ఆనాడు చూడవస్తున్నది. తొలి కాన్పు పుట్టింట జరగడం ఆనవాయితీ కనుక ఆమె పెరిగిన కిటికీ గదికి అప్పుడే సున్నం వేయించారు. పాత నూలు చీరలతో గ్రేస్ నాలుగు బొంతలు కూడా కుట్టి పెట్టింది.

"ఏమయ్యా, బిడ్డొచ్చే యాళ్లకన్న ఆ పొగ ఆపరాదు?" అన్నది గ్రేస్, చాయ్ గ్లాసు అందిస్తూ.

"ఇంట్ల తాగుతున్ననా? బయటనే గద కూసున్న."

"పొగకు ఇల్లేదో బయటేదో నువ్వేమన్న చెప్పినవా?"

డేవిడ్ నవ్వి గ్లాసు అందుకున్నాడు. ఈ సంభాషణ వారి మధ్య ఇరవై ఆరేళ్లుగా జరుగుతున్నది. అందులో ఎవరు ఎక్కడ ఆగాలో ఇద్దరికీ తెలుసు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక గ్రేస్ అసలు మాట కదిపింది. "వచ్చే నెల మొదట్ల తోలుకొస్తం బిడ్డా. మీ అత్తమ్మకు నేనే ఫోన్ చేస్త."

మనస్విని కంచం పక్కకు జరిపింది. బడిలో పిల్లలకు పాఠాలు చెప్పే ఆమెకు, చెప్పదలచినదాన్ని ముందుగా మనసులో పేర్చుకోనిదే పలికే అలవాటు లేదు.

"అమ్మా, నేను పురుటికి ఈడికి రాను. ఆలేర్లనే ఉంట."

గ్రేస్ చేతిలోని గిన్నె కింద పెట్టింది. "గదేం మాటనే? మొదటి కాన్పు అత్తగారింట్ల చేయించుకుంటే నలుగురు ఏమనుకుంటరు? కన్నోళ్లు చూడలేకపోయిన్రనరా?"

"అననీ. నా ఆయాసం సంగతి డాక్టరమ్మకు ఎరుక. నాకు పొగ తగులొద్దన్నది. పుట్టినంక పసిగుడ్డుకు అసలే తగులొద్దన్నది."

డేవిడ్ ముఖం ఎర్రబడింది. "ఇన్నేండ్లల్ల నేను ఇంట్ల ఎన్నడన్న ముట్టిచ్చిన్నా? చలికాలంల సుత అరుగు మీదనే కూసున్న గద!"

"అరుగు పైన ఏమున్నది బాపూ?"

ఆయన కళ్లు వసారా వైపు తిరిగాయి.

"నా కిటికీ," అన్నది మనస్విని.

తరువాత ఆమె గొంతు తగ్గించి, కోపం లేకుండా చెప్పసాగింది. "ఆరో తరగతిల సార్ నన్ను ముందు బెంచిల కూసోబెట్టిండని చెప్పిన, యాదికున్నదా? నువ్వు సంబురపడి జిలేబి తెచ్చినవు. నేను మంచిగ చదువుతున్ననని గాదు బాపూ సార్ పిలిచింది. నా డ్రెస్సు సిగరెట్ వాసనొస్తున్నదని పక్కపొంటి పిల్లలు లేచిపోయిన్రు. బెంచి మీద ఒక్కదాన్నే మిగిలిన. సార్ అది జూసి ముందుకు పిలిచిండు. జిలేబి తెచ్చిన మనిషికి గీ మాట ఎట్ల చెప్పుదు?"

డేవిడ్‌కు ఆ జిలేబి పొట్లం స్పష్టంగా గుర్తుకు వచ్చింది. దానితో పాటు మరొకటీ గుర్తుకు వచ్చింది. బిడ్డ ఆయాసానికి నోటితో పీల్చే మందు పంపు అయిపోకముందే ప్రతి నెలా కొత్తది తెచ్చేవాడు. ఆ విషయం నలుగురికీ గర్వంగా చెప్పుకునేవాడు. మందుల దుకాణం మెట్లు దిగి, పక్కనే ఉన్న పాన్ డబ్బాలో సిగరెట్లు కొనేవాడు. ఆ రెండు దుకాణాల నడుమ నాలుగడుగులైనా లేవు.

ఆయన చటుక్కున లేచి గోడ అలమర దగ్గరకు వెళ్లాడు. "ఇగో, బైబిల్ మీద చెయ్యేసి చెప్తున్న, ఈ గడియ సంది..."

"వద్దు!" మనస్విని కూడా కష్టంగా లేచి నిలబడింది. "ఒట్టు వెట్టకు బాపూ. పాత సంవత్సరం ఆఖరు ఆరాధనల నువ్వు లేచి, సంఘం ముంగట సిగరెట్ మానిన అని సాక్ష్యం చెప్పుడు నేను ఏడుసార్లు జూసిన. ఒకపాలి తొమ్మిది దినాలు ఆగినవు, ఒకపాలి నెల దాటినవు. యాడనో ఒక్కటి తాగుతవు. తాగంగనే ఒట్టు తెగింది, దేవుని ముంగట తప్పినోనికి ఇగ సిగ్గేందని డబ్బ మొత్తం కాలుస్తవు. ఆ ఒట్టే నిన్ను మానుకోనిస్తలేదు."

డేవిడ్ చేయి అలమర మీదనే ఉండిపోయింది. ఏడుసార్లూ సరిగ్గా అలాగే జరిగింది. తన ఓటమికి అంత చక్కని క్రమం ఉన్నదని ఆయన ఎన్నడూ గమనించలేదు.

గేటు దగ్గర నుంచి జానమ్మ గొంతు వినిపించింది. చెవులు మందగించినా తనకు అవసరమైన మాటలు ఆమెకు ఎప్పుడూ వినబడేవి. "కంపెనీల ఎట్ల ఉంటున్నవురా మరి?"

"ఆడ గేటు కాడనే జేబులు దేవులాడి అగ్గిపెట్టె గుంజుకుంటరమ్మా. పొయ్యేటప్పుడు తీస్కోమని బిల్ల ఇస్తరు. లోపటంత అంటుకునే మందులే. నిప్పురవ్వ పడ్డదంటే అంతే సంగతి."

"ఎనిమిది గంటలు తాగకుంటే సచ్చిపోతలేవు గద?"

"ఆడ యాదికే రాదు."

"గట్లయితే గీ గేటు కాడ గుంజుకునేటోళ్లు లేకనా? నేనున్న. పొద్దంత కూసునుడు దప్ప నాకేం పనున్నది?"

అంత బరువైన గడియలోనూ గ్రేస్‌కు నవ్వు వచ్చింది. మనస్విని కూడా నవ్వింది గాని, మాట మార్చుకోలేదు. సాయంత్రం బస్సు ఎక్కేముందు తండ్రితో, "నేను వస్తనని మాటియ్య బాపూ. నువ్వు గూడ నాకేం మాటియ్యకు. చూద్దాం," అన్నది.

మరునాడు షిఫ్టు ముగించుకుని డేవిడ్ సర్కారు దవాఖానకు వెళ్లాడు. ఏడు ప్రయత్నాల్లో ఒక్కసారి కూడా ఆయన ఎవరి సహాయమూ అడగలేదు. అడగడం చిన్నతనమనుకునేవాడు. అక్కడి నర్సు జబీన్ కాగితం ముందు పెట్టుకుని, "పొద్దున లేశినంక ఎంతసేపటికి ముట్టిస్తరన్నా?" అని అడిగింది.

"అయిదు నిమిషాలు గూడ పట్టదు."

"గట్లయితే జర గట్టి అలవాటే. ఇంతకుముందు మానిన్రా?"

"ఏడుసార్లు. ఏడుసార్లు ఓడిపోయిన," అన్నాడు, తల దించుకుని.

"ఓడుడేంది? యాడ కాలు జారుతదో ఏడు జాగలు మీకు ఎరుకైనట్టు. మొదటిపాలి మానేటోళ్లకు గంత గూడ తెల్వది." ఆమె సిగరెట్ యావను తగ్గించే, నమిలే మందుబిళ్లల పట్టీ చేతికిచ్చి, ఎప్పుడెప్పుడు వాడాలో చెప్పింది. "పొద్దుగాల మొదటి గంట గడిపిన్రంటే సగం గెలిచినట్టు. చాయ్ తోటి సిగరెట్ యాదికొస్తది. జర ఆ చాయ్ మార్చున్రి."

ఇల్లు ఆ మాటను శిరసావహించింది. తెల్లవారి చాయ్ స్థానంలో గ్రేస్ జొన్న అంబలి పెట్టింది. మంచాన్ని ఒక గోడ నుంచి మరో గోడకు జరిపి, దిండు కిందికి వెళ్లే చేతికి సోంపు పొట్లం దొరికేట్టు చేసింది. అరుగు మీద ఖాళీ లేకుండా బంతి నారు కుండీలు పేర్చింది. కంపెనీ బస్సులో డేవిడ్ పొగలో తన పాత తోడు బక్కయ్య పక్కన కాక, డ్రైవరు వెనుక సీటులో కూర్చోవడం మొదలుపెట్టాడు.

"ఏం డేవిడన్నా, ముంగటి సీట్లకు పోయినవు, ప్రమోషన్ అచ్చిందా?" అని బక్కయ్య అందరికీ వినబడేట్టు అడిగాడు.

"అచ్చిందిరా. తాత పోస్టు."

సాయంత్రం ఇంటి గేటు దగ్గర జానమ్మ కుర్చీలోంచి లేవకుండానే చేయి చాచేది. కొడుకు జేబులు తడిమి, చొక్కా వాసన చూసి, ఒక సోడా మూత చేతిలో పెట్టి, "బిల్ల పట్టు, లోపటికి పో," అనేది. పలకరించడానికి వచ్చిన బక్కయ్య జేబులోని బీడీ కట్టను కూడా ఆమె గుంజుకున్నది. "నేనేం మానలేదవ్వా!" అని అతడు మొత్తుకున్నా ఆమె వినలేదు.

మొదటి వారం డేవిడ్‌కు నిద్ర పట్టలేదు. రెండో వారం కూర ఉప్పన అని గ్రేస్ మీద అరిచి, అరగంట తరువాత తానే వెళ్లి గిన్నెలు తోమాడు. పూర్వం ఆమె మాన్పించాలని దెప్పేది. ఇప్పుడు దెప్పడం తాను మానుకున్నది.

వంటగది తలుపుకు చర్చి క్యాలెండర్ ఉన్నది. రోజూ పొద్దున డేవిడ్ ఆనాటి గడిలో "తాగలేదు" అని రాసి, రోజు ముగిసినప్పుడు కింద సంతకం చేసి, దాని పక్కన కొంత జాగా వదిలేవాడు.

"ఆ ఖాళీ ఏంది?" అని గ్రేస్ అడిగింది.

"కంపెనీల బ్యాచ్ రికార్డు గిట్లనే రాస్తం. ఏ పనికైనా రెండు సంతకాలుండాలె. చేసినోనిది ఒకటి, సరిచూసినోనిది ఒకటి. రెండోది లేకుంటే ఆ మందు గేటు దాటదు."

"నేను పెట్టనా?"

"నువ్వు నా దిక్కు మనిషివి గ్రేసూ. నువ్వు పెడితే చెల్లదు."

ఆ రెండో జాగా ఎవరికోసమో గ్రేస్ అడగలేదు.

ఇరవై మూడో నాడు, ఆగస్టు ఒకటో తారీఖున, అల్లుడి నుంచి ఫోన్ వచ్చింది. మనస్వినికి బీపీ పెరిగి, ఊపిరి ఆడక, ఆలేరు దవాఖానలో చేర్పించారు. డేవిడ్ షిఫ్టు మధ్యలోనే సెలవు పెట్టి, రెండు బస్సులు మారి, మిట్టమధ్యాహ్నం అక్కడ దిగాడు. నమిలే బిళ్లలు కంపెనీ అలమరలోనే ఉండిపోయాయి. దవాఖాన గేటు ఎదుట పాన్ డబ్బా ఉన్నది. పది సిగరెట్ల పెట్టె ఎప్పుడు కొన్నాడో, ఎప్పుడు ముట్టించాడో ఆయనకే తెలియదు. తెలిసేసరికి వేళ్ల మధ్య మిగిలింది పీక మాత్రమే.

పై అంతస్తుకు వెళ్లి గది తలుపు తోయబోయి ఆగిపోయాడు. సగం తెరిచిన తలుపు సందులోంచి, ముక్కుకు మాస్కుతో వెల్లకిలా పడుకున్న బిడ్డ కనిపించింది. తన చొక్కా వాసన తనకే కొట్టింది. ఆరో తరగతి బెంచి మీద ఒంటరిగా మిగిలిన పిల్ల ఆయన కళ్లముందు నిలిచింది. అల్లుడిని బయటికి పిలిచి, గండం తప్పిందని తెలుసుకుని, బిడ్డను పలకరించకుండానే డేవిడ్ మెట్లు దిగాడు.

తిరుగు బస్సులో తొమ్మిది సిగరెట్లు జేబులోనే ఉన్నాయి. పాత క్రమం ఆయనకు కంఠతా వచ్చు. ఒట్టు తెగింది, ఇక అంతా పోయినట్టే. బస్సు దిగి తొమ్మిదీ కాల్చడమే తరువాయి. అయితే ఈసారి తెగడానికి ఒట్టు లేదు. బిడ్డ పెట్టనివ్వలేదు. ఆ స్థానంలో ఆయనకు మరేదో తోచింది. కంపెనీలో కొత్తగా చేరిన వారికి మొదటి రోజు తాను స్వయంగా నేర్పే పాఠం అది. రికార్డులో తప్పు పడితే దిద్దవద్దు, చెరపవద్దు, కాగితం చింపవద్దు. తప్పు మీద ఒక్కటే గీత గీయాలి, కింద ఉన్న అక్షరాలు కనబడాలి. పక్కన సంతకం, తేదీ, కారణం. తరువాత బ్యాచ్ సాగిపోవాలి. ఒక్క తప్పు కోసం వేల రూపాయల మందును ఎవరూ మోరీలో పారబోయరు. ఇరవై రెండేళ్లు ఊరందరికీ నేర్పిన ఆ పాఠం తన విషయంలో ఎందుకు పనికిరాలేదో డేవిడ్‌కు అర్థం కాలేదు.

సాయంత్రం గేటు దగ్గర తల్లి చేయి చాచకముందే, పెట్టె ఆమె ఒడిలో పెట్టాడు.

"ఎన్ని తాగినవు?"

"ఒక్కటి."

జానమ్మ పెట్టె విప్పి ఒక్కొక్కటిగా చూసింది. తొమ్మిదీ పక్కనున్న నీళ్ల బకెట్టులో పడేసింది. "నేను తాగే బీడీలు మీ నాయిన పోయిననాడు ఒక్కపాలికే మానిన అనుకుంటున్నవు గద? అంతకుముందు ఎన్నిసార్లు మానిన్నో, ఎన్నిసార్లు మల్ల ముట్టిన్నో నాకే యాదికి లేదు. నీకు చెప్పలే, అంతే. పో, బిడ్డా. కాళ్లు కడుక్కో."

సోడా మూత ఆనాడు కూడా ఇచ్చింది.

మరునాడు ఉదయం డేవిడ్ బిడ్డకు ఫోన్ చేశాడు. "నిన్న నీ గది దాక అచ్చిన. లోపటికి రాలే. కింద ఒక్కటి తాగిన."

"ఆయన చెప్పిండు, నువ్వొచ్చి పోయినవని. నేను అనుకున్న గదే అయ్యుంటదని." ఆ వెంటనే, "ఇయ్యాల?" అన్నది.

"ఇయ్యాల తాగలే. ఇంక ఎనిమిది గూడ గాలేదు మరి."

ఆ చివరి మాటకు మనస్విని నవ్వినట్టు వినిపించింది.

సెప్టెంబరు రెండో వారంలో, ఆలేరులోనే, మనస్వినికి ఆడపిల్ల పుట్టింది. కాన్పు పుట్టింట జరగలేదన్న దిగులును గ్రేస్ దాచుకోలేకపోయింది గాని, వెళ్లి పది రోజులు అక్కడే ఉండి బిడ్డకు, పసిగుడ్డుకు స్నానాలు పోసి వచ్చింది. డేవిడ్ ఉతికిన చొక్కాతో రెండుసార్లు వెళ్లి, చేతులు కడుక్కుని, మనవరాలిని దూరం నుంచే చూసి వచ్చాడు. ఎత్తుకోమని ఎవరూ అనలేదు. ఆయనా అడగలేదు.

పసిగుడ్డు పుట్టిన ఇరవై ఒకటో రోజు పొద్దున, చెప్పాపెట్టకుండా, గేటు ముందు ఆటో ఆగింది. అల్లుడు సంచులు దింపుతుండగా మనస్విని పొత్తిళ్లలో పసిగుడ్డుతో దిగింది.

"అవ్వా, నా సంచి గూడ దేవులాడుతవా?"

"నీ కాడ ఏముంటదే? గా గుండుదాని చేతుల అగ్గిపెట్టె ఉన్నదేమో జూడాలె," అన్నది జానమ్మ, ముని మనవరాలి పిడికిలి విప్పి చూస్తూ.

మనస్విని లోపలికి వచ్చి, బిడ్డను తల్లికిచ్చి, మొదట కిటికీ గదిలోకి వెళ్లింది. పరదా అంచు పట్టుకుని ముక్కుకు ఆనించుకున్నది. దిండు ఎత్తి చూసింది. కిటికీ తెరిచి కిందికి వంగింది. అరుగు మీద బంతి మొక్కలు మొగ్గ తొడిగి ఉన్నాయి. డేవిడ్ వంటగది గుమ్మంలో, తనిఖీ అధికారి ముందు నిలబడిన కొత్త పనివాడిలా, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఆమె తిరిగి వచ్చి క్యాలెండర్ ముందు నిలబడింది. జూలై తిప్పింది, ఆగస్టు తిప్పింది, సెప్టెంబరు తిప్పింది. ఎనభై గడులకు పైగా ఒకే చేతిరాత. రెండు గడుల్లో మాత్రం, ముందుగానే రాసి ఉంచుకున్న "తాగలేదు" మీద ఒక్కొక్క గీత ఉన్నది. గీత కింద అక్షరాలు కనబడుతూనే ఉన్నాయి. మొదటి దాని పక్కన, "ఒకటి తాగిన. ఆలేరు దవాఖాన ముంగట. భయం." రెండోదాని పక్కన, "ఒకటి తాగిన. బక్కయ్య బిడ్డ పెండ్లి. బలవంతం ఎవరు చేయలే, నేనే అడిగిన." రెండింటికీ సంతకం, తేదీ ఉన్నాయి. ప్రతి గడిలోనూ పక్కన జాగా ఖాళీగా ఉన్నది.

"బాపూ, గిది దాచి పెట్టొచ్చు గద? గీ గీతలు లేకపోతే నాకు తెల్వకనే పోవు. పెండ్లి సంగతి నువ్వు ఫోన్ల సుత చెప్పలే."

"రికార్డుల ఉన్నది గద బిడ్డా, నువ్వొచ్చి చూస్తవనుకున్న. చెరిపితే మిగిలినయి గూడ నమ్మబుద్ధిగాదు."

"మరి గీ ఖాళీలేంది?"

డేవిడ్ భార్య వైపు చూశాడు. గ్రేసే జవాబు చెప్పింది. "సరిచూసినోళ్లు సంతకం వెట్టాల్నట. నేను వెడితే చెల్లదన్నడు మీ బాపు. అప్పటి సంది గట్లనే ఉంచిండు."

తలుపుకు దారంతో కట్టిన పెన్ను వేలాడుతున్నది. మనస్విని దాన్ని అందుకుని, జూలై మొదటి గడి దగ్గర కాదు, ఆగస్టు ఒకటో తారీఖు దగ్గర ఆగింది. గీత పక్కన, తండ్రి సంతకానికి ఆనుకుని, ముందుగా అక్కడ తన పేరు రాసింది. పేరు చివరికి వచ్చేసరికి అక్షరాలు వంకర పోయాయి. కొంగుతో కళ్లు తుడుచుకుని, "ఇరవై ఒక్క దినాలు ఇక్కడుంట. మిగిలినయి నిమ్మళంగ పెడ్త," అన్నది.

తరువాత తల్లి చేతుల్లోంచి పసిగుడ్డును తీసుకుని తండ్రి ఎదుట నిలబడింది. డేవిడ్ అలవాటుగా ఒక అడుగు వెనక్కి వేసి, తన చొక్కా మెడపట్టీని ముక్కుకు ఆనించి చూసుకున్నాడు.

"నేను చూసిన బాపూ," అన్నది మనస్విని. "పట్టుకో."